పంచర్ మేస్త్రి కాలికి పదకొండు అతుకులు

ఆపరేషన్ బల్ల మీద పడుకున్న పంచర్ మేస్త్రి, తన కాల్లోంచి డాక్టరమ్మ బయటికి లాగిన ప్లాస్టిక్ గొట్టాన్ని చూసి, "అమ్మా, దాన్నోసారి బకెట్లో ముంచండి, బుడగలెక్కడ వస్తాయో చూద్దాం" అన్నాడట. కళ్లారా చూసినవాడు ఒక్కడూ లేడు. చెప్పనివాడూ లేడు.

కుడికాలికి నెత్తురు అందడం లేదని ఏడాది కిందట గజ్జల నుంచి మోకాలి దాకా ఆ గొట్టం వేశారు. మేస్త్రి మళ్లీ లారీ చక్రాలు దొర్లించాడు. ఈమధ్య గజ్జల్లో పాత కుట్టు దగ్గర చెమ్మ మొదలైంది. అతుకులేసే చెయ్యి ఊరుకుంటుందా? ఇంట్లో చెప్పకుండా ప్లాస్టర్ అంటించాడు. తడిస్తే దాని మీద ఇంకోటి. షాపులో ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుంటే ఒట్టు. లేస్తాడు, తడుముకుంటాడు, కూర్చుంటాడు, మళ్లీ లేస్తాడు.

ఓ పొద్దున చలిజ్వరంతో మంచం కూడా వణికిపోతుంటే భార్య దుప్పటి లాగి చూసింది. పదకొండు పొరలు!

"ఏమయ్యా, ఇది కాలా, లారీ టైరా?"

"చిన్న లీకేలేవే."

"లీకు నీ బుర్రకి! నడువు ఆసుపత్రికి."

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి తేల్చేసింది. "చీము గొట్టానికే పట్టింది. ఒట్టి మందులతో పోదు. కుట్టు తెగితే నెత్తురు ఆగదు, ప్రాణానికే ముప్పు. గొట్టం మొత్తం పీకేసి, మీ ఎడమ తొడలోంచి సొంత రక్తనాళం తీసి ఇక్కడ కుడతాను."

"పైన ఓ అతుకేసి చూడండమ్మా."

"కుళ్లిన ట్యూబుకి మీరేస్తారా అతుకు?"

మేస్త్రి మోకాలి దాకా ఓసారి తడుముకున్నాడు.

"మరి... కాలు?"

"దక్కుతుందనే నా ఆశ. మాటివ్వలేను."

ఇక మేస్త్రి పచార్లకి ఆసుపత్రి వరండా అరిగిపోయింది. "కూర్చో బాబాయ్, నా కొంప ముంచేలా ఉన్నావ్" అని నర్సు కసిరితే కూర్చున్నాడు, ఆమె అటు తిరగ్గానే లేచాడు. బొటనవేలు కదిపి చూసుకున్నాడు. కదిలింది. నమ్మకం చాలక మళ్లీ కదిపాడు.

ఆపరేషన్ ఆరు గంటలు పట్టింది. కొత్త నాళం మీద తొడకండ జరిపి కప్పారట. బయటికి తెచ్చేసరికి మేస్త్రికి నడుం కింద స్పర్శే లేదు.

"కాలుందా?"

"పాదం పట్టుకునే ఉన్నానయ్యా. వెచ్చగా ఉంది" అంది భార్య.

నెలన్నర మందులు మింగి షాపు తెరిచాడు. కుంటి మేస్త్రి లారీ చక్రం ఏం ఎత్తుతాడులే అని డ్రైవర్లు లారీల్ని పక్క షాపు వైపు తిప్పబోతుంటే, రోడ్డుకి అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"ఆపరేషనా? నాకా? ఎవడ్రా కూసింది? ఆ ఆసుపత్రి ఏ వీధిలో ఉందో కూడా నాకు తెలీదు!"