కౌలు పాఠం

అమలాపురంలో యూనివర్సిటీ వాళ్ల పీజీ సెంటరు నడిచిన రోజుల్లో, ఎకనామిక్స్ శాఖలో వ్యవసాయ అర్థశాస్త్రం చెప్పేది ఎలీసమ్మ. అల్లవరంలో ఒక కామందు దగ్గర పాలేరుతనం చేసినాయన కూతురు. మిషన్ బడిలో అక్షరాలు దిద్దుకుని, వాల్తేరులో ఎమ్మే చేసి వచ్చింది. ఆవిడకు ఒళ్లు మండే విషయం ఒకటుండేది. పాఠ్యపుస్తకం నిండా డెన్మార్కు పాడి ఆవులు, అమెరికా గోధుమలు. క్లాసు కిటికీలోంచి కనిపించే వరిచేను ఎవరిదో, అందులో దమ్ము చేసి నాట్లు వేసేవాడికి ఏం మిగులుతుందో ఒక్క ముక్క ఉండేది కాదు.

ఎమర్జెన్సీ పోయిన కొత్తలో ఆవిడ కాళ్లరిగేలా తిరిగి, సిలబస్ తయారుచేసే బోర్డు వాళ్లను ఒప్పించి, కౌలు మీద ఒక పాఠం పెట్టించింది. విద్యార్థులు ఊళ్లకు వెళ్లి కౌలురైతులతో మాట్లాడి, విన్నది వచ్చి క్లాసులో చెప్పాలి. ఆ చుట్టుపక్కల కౌళ్లన్నీ నోటిమాట మీదే నడిచేవి. ఫలానావాడు కౌలుదారని బయటపడితే చట్టం వాడికి హక్కు ఇచ్చేస్తుందని కామందుల భయం. అంచేత ఎవరడిగినా కూలివాణ్ణనే చెప్పుకోవడం రైతులకు అలవాటైపోయింది.

ఎలీసమ్మ చేసిన పొరపాటల్లా ఎవరి ఊరికి వాళ్లను పంపడం. పరాయి ఊరు పంపితే కోనసీమలో ఊరుకుంటారా? కామందే ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చి, అరిటాకు వేసి కూర్చోబెడతాడు. ఆయనింట పనసపొట్టు కూర తిన్న కుర్రాడికి ఆయన పొలం గుట్టు ఎవడు చెప్తాడు? సొంత ఊరి పిల్లలైతే చనువుగా అడుగుతారనుకుంది. తెలివైన ఆలోచనే. ఆ పిల్లలు ఎవరి పిల్లలో మాత్రం ఆవిడకు తట్టలేదు.

వెంకటరాజు ఐ.పోలవరం కామందు కొడుకు, మెతక మనిషి. తిన్నగా వెళ్లి, తన తండ్రి చేలో రెండో పంట దాళ్వాకు నాట్లు వేయిస్తున్న గంగయ్యనే అడిగాడు. చిన్నప్పుడు తనను భుజాన ఎక్కించుకుని తీర్థానికి తీసుకెళ్లిన గంగయ్య. ఆయన కాసేపు ఆలోచించి, ఉన్నదున్నట్టు చెప్పాడు. తన తండ్రి నాటి నుంచీ ఆ చేను తామే కౌలుకు చేస్తున్నామన్నాడు. కాయితం ముక్క లేదన్నాడు. పంట మునిగిపోయినా కౌలు తగ్గదన్నాడు. వెంకటరాజు క్లాసులో అదంతా దాచకుండా చెప్పాడు. ఎలీసమ్మ పొంగిపోయి అందరి ముందూ అతన్ని మెచ్చుకుంది. అలా పొంగిపోయినందుకు తరవాత చాలాకాలం సిగ్గుతో కుమిలిపోయింది.

క్లాసులో అన్న మాట ఇంటికి చేరడానికి ఎంతసేపు పడుతుంది? తొలకరికల్లా వెంకటరాజు తండ్రి ఆ చేను ఇంకొకరికి ఇచ్చేశాడు. ఆ సంగతి కుర్రాడే స్టాఫ్‌రూముకు వచ్చి కళ్లనీళ్లతో చెప్పాడు. అంతలోనే కామందులు కొందరు కలిసి, చదువు పేరు చెప్పి కౌలువాళ్లను ఎగదోస్తున్నారని యూనివర్సిటీకి ఫిర్యాదు పెట్టారు. బోర్డు వాళ్లు అమలాపురం వచ్చి కూర్చున్నారు.

శాఖాధిపతి ప్రభాకరరావుగారు మామూలుగా గోడమీది పిల్లి. ఆ రోజు ఆయనకు ఎక్కడి ధైర్యం వచ్చిందో గానీ, ఏం చెప్పాలో తేల్చవలసింది పాఠం చెప్పేవాళ్లు, భూములున్నవాళ్లు కాదని బోర్డు మొహం మీదే అన్నారు. లెక్చరర్ల సంఘం కూడా వెనక నిలబడింది. పాఠం పెట్టించిన మనిషి అది ఉండి తీరాలని గట్టిగా అంటే చాలు, బోర్డు వెనక్కి తగ్గేటట్టే ఉంది.

అందరూ ఎలీసమ్మ వైపు చూశారు. ఆవిడ మనసంతా గంగయ్యే ఉన్నాడు. ఒకడి నోటి దగ్గర కూడు తీసేసిన పాఠం కోసం ఏ మొహం పెట్టుకుని పోట్లాడను అనుకుంది.

"మీ ఇష్టమండి," అంది.

పాఠం తీసేశారు. ఆ చోట అంతర్జాతీయ వ్యాపారం మీద మరో అధ్యాయం అతికించారు. ప్రభాకరరావుగారు ఆ తరవాత ఏ సమావేశంలోనూ నోరెత్తలేదు. పరిశోధనకు కౌలు మీద ఏదైనా ఇమ్మని అడిగిన పిల్లల్ని వేరే చూసుకోమని పంపేసేవారు. ఎలీసమ్మ మాత్రం తాను చేసింది న్యాయమేనని, గంగయ్య ఉసురుకు ఆ మాత్రమైనా జవాబు చెప్పుకోవాలని మనసుకు సర్దిచెప్పుకునేది. అంత చదువుకున్న మనిషి, ఒక్కసారి వెళ్లి ఆ గంగయ్యనే అడుగుదామని మాత్రం అనుకోలేదు.

ఎనభై ఆరు వరదలో చర్చి వాళ్లతో కలిసి దుప్పట్లు పట్టుకుని ఐ.పోలవరం బడికి వెళ్లింది. అక్కడ తల దాచుకున్నవాళ్లలో గంగయ్య ఉన్నాడని ఎవరో చూపించారు. మనిషి బాగా వడిలిపోయాడు. తానెవరో చెప్పగానే లేచి, బల్ల దులిపి కూర్చోమన్నాడు. ఆవిడ కూర్చోలేదు. తన తెలివితక్కువతనం వల్లే చేను పోయిందని, క్షమించమని అడిగింది. ఏళ్ల తరబడి గుండెల్లో మోసిన మాట అది. అనేసరికి ఏడుపొచ్చేసింది.

"భలేవోరే టీచరమ్మగారూ," అన్నాడు గంగయ్య. "చేను పోద్దని నాకు తెలీదేంటండీ? ఎవరడిగినా కూలోణ్ణనే చెప్పేవోణ్ణండి. అల్లవరం పాలేరుగారి అమ్మాయంట, కాలేజీలో మా గురించి పాఠం పెట్టేరంట, ఆవిడే అడిగి రమ్మన్నారని చినబాబుగారు చెప్పేరండి. పెద్ద చదువుల్లో మా మాట ఉంటాదంటే, పోతే పోనీ, ఒక్కసారి నిజం చెప్దామనిపించిందండి."

ఎలీసమ్మ అప్పుడు ఆ బల్ల మీద కూర్చుంది.

"ఇప్పటికీ చెప్తున్నారాండి, ఆ పాఠం?"

అవునని అనేయవచ్చు. ఆ ముసలాయన వెళ్లి చూసి వచ్చేదేం లేదు. కానీ ఆవిడ అబద్ధమాడలేదు. తీసేశారని, తానొక్క మాట అని ఉంటే నిలిచేదని, అనలేకపోయానని చెప్పింది.



"అయితే మా చేను ఊరికే పోయిందండి," అన్నాడు గంగయ్య.