కొబ్బరినూనె పోసిన వాన డ్రమ్ము

మలయాకు స్వతంత్రం వచ్చిన రోజున ఊరంతా జెండా వైపు చూస్తుంటే, మా తోటవాళ్ళు మాత్రం మా అత్త చీర వైపు చూశారు. ఆ ఘనత పూర్తిగా నాదే. పందొమ్మిదేళ్ళ వయసులో, అయిదో తరగతి చదువుతో, ఒక సీసా కొబ్బరినూనెతో నేను చేసిన నిర్వాకం చెబుతాను. మీరు మొహమాటపడకుండా నవ్వండి, నేనెప్పుడో మొదలుపెట్టాను.

అవి మలయాలో తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలోని తిరుగుబాటుదారులకు తిండి చేరకూడదని, సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో మా ఇళ్ళ వరస చుట్టూ ముళ్ళకంచె వేశారు. గేటు దాటితే సోదా, చీకటి పడితే గేటు మూత. మా అత్త సన్నెమ్మ ఏళ్ళ తరబడి రబ్బరు పాలు తియ్యడానికి వెళ్ళడం, గేటు మూసేలోగా రావడం తప్ప ఊరు మొహం చూడలేదు. "మెర్దేకా రోజు తెల్లసీర కట్టుకుని టౌనుకెల్లి జెండా సూస్తాను" అని నెల ముందే అందరికీ చాటింది. మెర్దేకా అంటే మలయ్ మాటలో స్వతంత్రం. ఆమెకున్న మంచి చీర అదొక్కటే. అదీ మాసి ఉంది.

పంపు చెడిపోయి రెండు రోజులైంది. చీర ఉతకడానికి ఇక దిక్కు పెరట్లో వాన డ్రమ్మే. మన చూరు కింద మనం నీళ్ళు పట్టుకోవడానికీ నియమాలుండేవి. మొదటి వాన వదిలెయ్యాలి, డ్రమ్ముకు గుడ్డ కట్టాలి. కట్టకపోతే తోట ఆసుపత్రిలో కట్లు కట్టే డ్రెస్సరు వచ్చి, దోమలు చావడానికి నల్లనూనె పోసి పోతాడు. ఆ నీళ్ళు ఇక గేదె కూడా ముట్టదు.

మెర్దేకా ముందురోజు పొద్దున్నే నేను ఆ మూతగుడ్డ చించి జెండా కుట్టేశాను. తెల్లచారలకు అంత మంచి గుడ్డ ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి? సూది పక్కన పెట్టానో లేదో, డ్రెస్సరు పక్కింట్లో ఉన్నాడని తెలిసింది. మా డ్రమ్మేమో నోరు తెరుచుకుని ఉంది. అప్పుడు నా బుర్ర పనిచేసింది. ఆయనకు కావలసింది నూనె. ఏ నూనో ఎవరూ చెప్పలేదు. తలకు రాసుకునే కొబ్బరినూనె సీసా మొత్తం డ్రమ్ములో ఒంపేశాను.

డ్రెస్సరు వంగి, వేలు ముంచి, వాసన చూశాడు.

"ఏటమ్మా ఇది, దోమలకి తలంటా?"

"నూనె ఉండాలన్నారు, ఉంది కదండీ."

ఆయన నన్నూ డ్రమ్మునూ మార్చి మార్చి చూశాడు. "సరే లా, నూనె నూనే" అని మలయ్ తోక తగిలించి అనేసి, కాగితం మీద గీత గీసుకుని వెళ్ళిపోయాడు.

సర్కారునే ఓడించిన సంబరంలో ఆ కథ ఇంటింటికీ చెప్పడానికి బయల్దేరాను. నాలుగో ఇంట్లో ఉండగా చీర గుర్తొచ్చింది. పరుగెత్తుకొచ్చేసరికి అత్త డ్రమ్ములోని పైపై నీళ్ళు తొట్టెలోకి తోడి, చీర నిండా ముంచేసి, అది చేతిలోంచి ఎందుకు జారుతోందా అని చూస్తోంది.

"అమ్మీ, ఈ నీలల్లో ఏటేసినావు?"

ఏడుస్తూ చెప్పాను. ఆమె టౌనుకు పోకపోతే ఆ పాపం నాదే కదా. ఉన్న సబ్బంతా అరగదీశాం. నీళ్ళు అయిపోయాయి గాని మరకలు పోలేదు. తెల్లారి చూస్తే చీర నూనె కారే దోసెలా ఉంది. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అలాగే కట్టుకుంది. నలుగురూ నవ్వుతారేమోనని నాకు భయం వేసింది.

టౌను మైదానంలో ఎండ పడగానే మరకలన్నీ మెరిశాయి. మా తోట ముసలమ్మ ఒకామె ఉండబట్టలేక అడిగేసింది.

"ఏటి సన్నెమ్మా, సీర నిండా నూనె?"

నేను తల దించేసుకున్నాను. అత్త మాత్రం జెండా మీంచి చూపు తిప్పలేదు.

"దేశం ఇయ్యాలే పుట్టినాది. పుట్టిన పిల్లకి నూనె రాయకుండా నీలు పోస్తామేటి?"

ముసలమ్మ తల ఊపింది. తర్వాత తన తలకున్న నూనె వేలితో తీసి కొంగుకు రాసుకుంది. ఆమె పక్కనున్నావిడా రాసుకుంది. అప్పుడు అత్త నా వైపు తిరిగి నవ్వింది. కంచె బయట ఆమె నవ్వు చూడడం నాకదే మొదలు. ప్రాణం లేచొచ్చింది.

కాబట్టి పెద్దలందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. నా డ్రమ్ముకు గుడ్డ ఎప్పుడూ కట్టే ఉంచుతాను, జెండాకైనా సరే చించను. వాననీళ్ళలో మళ్ళీ కొబ్బరినూనె పోయను. ఇంకో దేశం పుడితే తప్ప.