సీసా కింద చీటీ

పోయిన మంగళవారం పొద్దున్న డ్యూటీకని బయల్దేరిన మా కోడలు బస్టాపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది. ల్యాబు వాచ్‌మన్ ఫోన్ చేశాడట. "పెద్దమ్మ పోయారు మామయ్యా" అని గుమ్మంలోనే కూలబడింది. భీమిలిలో తన ఇంట్లో, మొదటి బస్సుకని జడ వేసుకుంటూ ఒరిగిపోయారట. అప్పుడు నాకు మొదట తోచిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కోడలి కాగితం మీద ఇక సంతకం ఎవరు పెడతారు?

సముద్ర జీవుల పరిశోధనశాలలో పెద్దమ్మ సీనియర్ టెక్నీషియన్. అదే ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి, సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి నేను. చేపల వేటకెళ్లే కుటుంబంలో పుట్టి, తొట్లు కడగడానికి రోజుకూలీగా చేరిన మనిషి ఆమె. సైంటిస్టుల భుజాల మీదుగా చూసి మైక్రోస్కోపు నేర్చుకున్నారు. వలతో తెచ్చిన సముద్రపు నీటిలో కంటికి ఆనని జీవులుంటాయి. ఏ రకానివి ఎన్నున్నాయో లెక్కపెట్టడమే ఆ పని. డిగ్రీలున్నవాళ్లు తమ లెక్క తేలకపోతే ఆమె బల్ల దగ్గరికే వచ్చేవాళ్లు. తర్వాత వ్యాసాల్లో ఆమె పేరు వేసినవాణ్ణి ఒక్కణ్ణీ నేను చూడలేదు.

ఒక ఆఫీసు నోట్ సంగతి రాయాలి. ఐదేళ్లకు మించి ఉద్యోగానికి దూరమైన సహాయక సిబ్బంది తిరిగి చేరాలంటే మూడు నెలలు పని చేసి చూపించాలి, చివర్లో పర్యవేక్షించినవారు సంతకం చెయ్యాలి, అందులో ఫెయిలైతే రెండో అవకాశం లేదు. దాన్ని రాసింది నేనే. రెండో అవకాశం లేదన్న ముక్క పైవాళ్లు అడగలేదు. ఫైలు గట్టిగా ఉంటుందని నేనే చేర్చాను.

అది చదివించుకుని పెద్దమ్మ నా బల్ల దగ్గరికి వచ్చారు. "సూపర్నెంటు గారూ, బీరువా నిండా పుస్తకాలు సదివారు గదా. పిల్లని సంకనేసుకున్నోళ్లు, మంచంలో మనిషున్నోళ్లు ఏటైపోవాలో అందులో ఎక్కడా నేదేటి?"

"రూలు రూలే పెద్దమ్మా."

"సరే. మీ రూలు మీరు రాసుకోండి. నా సీసాలు నాను దాసుకుంతాను."

ఆ నెల నుంచే మొదలుపెట్టారు. సెలవు మీదో, మానేసో వెళ్లిన ప్రతి ఆడపిల్ల పేరిట, ఆ నీటిని పాడవకుండా మందు కలిపి నెలకో సీసా పక్కన పెట్టేవారు. అందులోవి తాను లెక్కపెట్టి, ఆ అంకెలు చీటీ మీద రాసి, మడిచి సీసా కింద ఉంచేవారు. తిరిగొచ్చిన మనిషి ఒక్కో సీసా లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే చీటీ విప్పి చూసుకోవాలి. చెయ్యి, కన్ను మళ్లీ దారిలో పడేదాకా అదే పని.

నేను రిటైరైన ఏడాదే నా భార్యకు పక్షవాతం వచ్చింది. కొడుకుది ఉక్కునగరంలో షిఫ్టుల ఉద్యోగం. అదే ల్యాబులో టెక్నీషియన్‌గా ఉన్న కోడలు మానేసి ఇంట్లో కూర్చుంది. ఆరేళ్లు. నా భార్య పోయాక మళ్లీ వెళ్తే నా రూలే ఎదురొచ్చింది. ఒకసారి అన్నం వడ్డిస్తూ అంది: "ఈ రూలు రాసినాయన మంచం పట్టిన మనిషికి ముద్ద పెట్టి ఎరగడు మామయ్యా." నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

మొదటి రోజు పెద్దమ్మ ఆమెకు ఒక అర నిండా సీసాలు చూపించారట. డెబ్బై రెండు. లేబుళ్ల మీద పెన్సిల్‌తో కోడలి పేరు. "అన్నీ నీవే పాపా. బేగి అక్కర్నేదు."

మూడో వారంలో ఈ పిల్ల భయపడింది. లెక్కలు కలవడం లేదు. ఒక సీసాకు ముందే చీటీ విప్పి చూసి, ఆ అంకె రిజిస్టర్లో వేసేసింది. పెద్దమ్మ అది చూసి పడీపడీ నవ్వారట. "అయ్యో పాపా, నాను దొంగంకె రాసిన సీటీ ఒక్కటే ఉంది. నీ లెక్క దాంతోనే కలిసింది గదే." తర్వాత నవ్వు ఆపి, "కలవకపోతే కలవనేదని రాయి. కలిసిందని మట్టుకు రాయకు. నీటికి మనం సాచ్చీకం సెప్తన్నాం" అన్నారట.

గురువారం సంతాప సభ జరిగింది. ల్యాబు ఇన్‌చార్జి సైంటిస్టు లేచి, పెద్దమ్మ ఈ సంస్థకు వెన్నెముక అన్నాడు. ఆ సీసాలు చెత్త, సింకులో పారబోసి అర ఖాళీ చెయ్యండి అని నా ఎదుటే ఆమెతో అన్నది ఆయనే. ఆ రోజు అర ముందు అడ్డంగా నిలబడి ఆమె భోజనానికి కూడా వెళ్లలేదు. ఆయన ఇది చదువుతాడు. చదవాలనే రాస్తున్నాను. సభయ్యాక కోడలితో, "సంతకం లేకుండా కమిటీ ఏం చేస్తుందమ్మా? రూల్లో దారి లేదు కదా" అంటూ నా వైపు చూశాడు.

ఆ సాయంత్రం కోడలికి నిజం చెప్పేశాను.

"తెలుసు మామయ్యా. ఫైల్లో మీ చేతిరాత మొదటి రోజే చూశాను."

"మరి అడగలేదేం?"

"పెద్దమ్మ ఒద్దన్నారు. 'ఆ ముసలాయన్ని కొన్నాల్లు బెంగెట్టుకోనీ, ఒంటికి మంచిదే' అన్నారు."

ఇవాళ శనివారం. కోడలి మూడు నెలలు నిండాయి, ఆమెను తీసుకోవాలా వద్దా తేల్చే కమిటీ సోమవారం కూర్చుంటుంది. ఎవరూ పిలవకపోయినా వెళ్లి, ఆ ముక్క చేర్చింది నేనని చెప్తాను. వింటారని నమ్మకం లేదు. నేనైతే వినేవాణ్ణి కాను.

మధ్యాహ్నం కోడలు ఫోన్ చేసింది. డెబ్బై రెండో సీసాలో ఒక రకం దగ్గర తేడా వచ్చింది. తన లెక్క నలభై మూడు. చీటీలో యాభై ఎనిమిది. మూడుసార్లు చూసినా నలభై మూడే. అది పెద్దమ్మ చెప్పకుండా పెట్టిన ఇంకో దొంగ అంకె కావచ్చు, అలిసిన కళ్ల పొరపాటు కావచ్చు, తన తప్పే కావచ్చు. చెప్పేవారు లేరు.

"కలిపెయ్యమ్మా, సోమవారం గడవనీ" అన్నాను. రూలు రూలే అన్న నోరే ఇది.

"కలవలేదని రాసేశాను మామయ్యా" అంది.

చీకటిపడే వేళకు ఇంటికొచ్చి మిగతాది చెప్పింది. అర మీద ఒక సీసా మిగిలి ఉందట. పోయిన నెల పురిటికెళ్లిన అమ్మాయి పేరు పెన్సిల్‌తో రాసి, పెద్దమ్మ చివరగా పక్కన పెట్టిన సీసా. కింద చీటీ ఉంది గానీ అందులో అంకెలు లేవు. ఆమె ఇంకా లెక్కపెట్టలేదు. కోడలు కూర్చుని లెక్కపెట్టి, చీటీ నింపి మడిచింది. ఆ మడత పెద్దమ్మ మడతలా రాలేదట. విప్పి, మళ్లీ మడిచి, సీసా ఎత్తి దాని కింద పెట్టి వచ్చింది.