బాబాయి వేసే మరకలు

మా బాబాయికి కొత్త ఫోటో అంటే ఒళ్ళు మంట. పొద్దున తీసిన ఫోటో సాయంత్రానికల్లా తాతలనాటిదిలా కనిపించకపోతే ఆయనకు నిద్ర పట్టదు.

ఆయన ఫోటోలు తీసేది పాతకాలపు కార్లకు. ఎవరి షెడ్డులో ఏ ముసలి కారు మూలుగుతోందో ఆయనకు కంఠతా వచ్చు. దాని ముందు రోడ్డు మీద బోర్లా పడుకుంటాడు. ఎవరో పడిపోయారని జనం పరిగెత్తుకొస్తే, "జరగండయ్యా, నీడ పడుతోంది!" అని కసురుకుంటాడు. ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని రంగులన్నీ వెలిసిపోయేలా చేస్తాడు, గీతలు గీస్తాడు, మూల మడత పడినట్టు చేస్తాడు. చివరగా టీ మరక. అది అసలు సిసలుది కావాలట. తడి కప్పును కాగితం మీద అద్ది, ఆ ముద్రను స్కాన్ చేసి ఫోటోలో అతికిస్తాడు.

"ఏవండీ, కప్పులన్నీ ఏమైపోయాయి?" అని పిన్ని వంటింట్లోంచి అరుస్తుంది.

"మరకలు ఆరుతున్నాయే, కదపకు!"

పక్కింటాయన కొత్త కారు కొని, ముచ్చటపడి ఫోటో తీయమన్నాడు. బాబాయి పాతబరిచిన ఆ ఫోటో చూసి పక్కింటాయన బావమరిది ఆదుర్దాగా ఫోన్ చేశాడట. "ఇబ్బందుల్లో ఉంటే నాతో చెప్పకూడదా బావా? ఈ డొక్కు కొనే ఖర్మేమిటి?" పక్కింటాయన చాన్నాళ్ళు మా గుమ్మం తొక్కలేదు. ఇంకోసారి గుర్తింపు కార్డు కోసం బాబాయి తన ఫోటో తానే తీసుకుని వెళితే, గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూసి, "మీ తాతగారిది కాదు సార్, మీది పట్రండి" అన్నాడు. బాబాయి ఇప్పటికీ దాన్ని సన్మానం కిందే చెప్పుకుంటాడు.

బాబాయికీ ఒక ముసలి కారు ఉంది. ఓసారి అది దారిలో సెగలు కక్కుతూ ఆగిపోయింది. ఆయన కెమెరా సర్దుకుంటూ, "రేడియేటర్ మూత తీసి నీళ్ళున్నాయేమో చూడవే" అన్నాడు పిన్నితో. ఆవిరి ఎగజిమ్మి పిన్ని ఎడమ చెంప కాలింది. గాయం మానినా మచ్చ మిగిలిపోయింది. అప్పట్నుంచి పిన్ని ఎవరి కెమెరా ముందూ నిలబడలేదు. ఆ సంగతి ఎత్తితే బాబాయి లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

ఇంతలో వాళ్ళమ్మాయి, అంటే మా చెల్లెలి పెళ్ళి వచ్చింది. కారు పక్కన అందరం ఫోటోకు నిలబడ్డాం, పిన్ని తప్ప.

"అమ్మ రాకపోతే నేనూ దిగను" అని పెళ్ళికూతురు పట్టుబట్టింది.

"నీ పెళ్ళి ఫోటోలో ఈ మొహమెందుకే? చూసినవాళ్ళంతా నా చెంపే చూస్తారు!"

తల్లికీ కూతురికీ కళ్ళ నీళ్ళు ఒక్కటే తక్కువ. బాబాయి కెమెరా వదిలి వచ్చాడు.

"వచ్చి నిలబడు. చూసేవాళ్ళ సంగతి నాకొదిలెయ్."

"మచ్చ చెరిపేస్తారా?"

"నీ మొహం జోలికే రాను, ఒట్టు."

పిన్ని గొణుక్కుంటూనే కూతురి పక్కన నిలబడింది. బాబాయి టైమర్ పెట్టి, పరిగెత్తుకొచ్చి మాలో కలిశాడు.

ఫోటోలు అందరిళ్ళకీ చేరాయి. ఆ వెంటనే వియ్యపురాలి ఫోన్. నేను అప్పుడు పిన్ని పక్కనే ఉన్నాను.

"వదినగారూ, ఇదేం చోద్యం? నా చెంప మీద టీ మరక! మా అబ్బాయికీ అంతే!"

గబగబా కవర్లోంచి ఫోటో తీసి చూశాం. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, వియ్యంకుడు, నేను, ఆఖరికి బాబాయి కూడా, అందరి ఎడమ చెంపల మీదా గోధుమరంగు మరకే. బాబాయి చెయ్యి పడనిది పిన్ని మొహం ఒక్కదాని మీదే. ఆవిడ మచ్చ ఎక్కడిది అక్కడే ఉంది, కానీ ఇంత గుంపులో దాన్నెవడు పట్టించుకుంటాడు? ఇన్నాళ్ళూ ఈయన్ని పిచ్చిమాలోకం అనుకున్నాను. ఆ క్షణాన ఎంత ముద్దొచ్చాడో చెప్పలేను.

పిన్ని ఫోటోను దగ్గరగా పెట్టుకుని ఒక్కో చెంపా చూస్తూ పోయింది. చూస్తూ చూస్తూ పడీ పడీ నవ్వింది.

"ఏవండీ, అందరి మరకల్లోకీ నాదే బాగా కుదిరింది!"

"అదీ నా నిర్వాకమేగా" అన్నాడు బాబాయి, తలెత్తకుండా.

"చాల్లెండి సంబడం. దీన్ని పెద్దది చేయించి ముందుగదిలో పెట్టండి. వియ్యపురాలు వచ్చినప్పుడు ఎదురుగా కూర్చోబెడతాను."