జడ్జమ్మ వంతు

మా అత్తను కాఫీ రైతుల సంఘంలో అందరూ జడ్జమ్మ అంటారు. చుట్టుపక్కల చిన్న చిన్న కాఫీ తోటల పళ్లన్నీ మా సంఘం షెడ్డుకే వస్తాయి. తొక్క తీసిన గింజలు ఎవరివైనా సరే, ఒకే తొట్టిలో నానతాయి. ఏ బస్తా కలవాలో, ఏది వెనక్కి పోవాలో తేల్చేది మా అత్త ముక్కు. ఒక్క బస్తా పులిసినా తొట్టంతా కంపు కొట్టి అందరి పంటా గంగపాలవుతుంది.

తమాషా ఏమిటంటే ఆవిడ కాఫీ ముట్టదు. “నిద్ర పట్టదే” అంటుంది. లోకాన్ని మేలుకొలిపే పని చేసి, తను మాత్రం వేణ్ణీళ్లు తాగి గుర్రు పెడుతుంది.

ఈసారి పెద్ద కోత మర్నాడు తొక్క తీసే మిషను పొద్దున్నే మొరాయించింది. బస్తాల్లో ఉన్నవన్నీ ముందురోజు కోసిన పళ్లు, ఇంకా ఆగితే పులుస్తాయి. మూలన పడున్న చేతి మిషనును అత్త బయటికి లాగించింది.

“దూరం వాళ్లు ముందు కోసుంటారు. వాళ్లవి ముందు తిప్పండి. మనవి ఆఖరు” అంది.

షెడ్డులో నీడ కూడా వాళ్ల బస్తాలకే ఇచ్చింది. మావి ఎండలో పడ్డాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పళ్లు చేతులు గీరుకుపోయేలా కోసింది నేను! ఆ కోత మీదే ఇంటి కప్పు మార్పిద్దామని ఆశ పెట్టుకున్నాం.

“మనవి పాడైతేనో అత్తా?”

“అయినప్పుడు చూద్దాం. తిప్పు.”

కోపంతో పళ్లు పటపటా నూరుతూ తిప్పాను.

మా వంతు వచ్చేసరికి ఎండ వాలిపోయింది. అత్త బస్తా మూతి విప్పి, గుప్పెడు పళ్లు తీసి వాసన చూసింది. మిగతావీ విప్పి చూసింది.

“ఇవి కలపొద్దు.”

అందరూ కొయ్యబారిపోయారు. అత్తకు వరసకు తమ్ముడయ్యే సంఘం పెద్ద ముందుకొచ్చాడు.

“అక్కా, మా కోసమే గదా ఆగావు! కలిపెయ్. ఏమైనా సరే, ఒక్కరం నోరెత్తం.”

అందరూ తలలూపారు. మొహమాటానికి కాదు, మనస్ఫూర్తిగా ఊపారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

“నిరుడు నీ బస్తాలు వెనక్కి పంపానా లేదా?” అంది అత్త.

“పంపావు.”

“అప్పుడేమన్నావు?”

“నీ ముందేమీ అనలేదు. ఇంటికెళ్లి బాగా తిట్టుకున్నాను.”

అత్త ఫక్కున నవ్వింది. “ఇవాళ మా కోడలు తిట్టుకుంటుందిలే. పదవే, పట్టు!”

బస్తాలన్నీ ఇద్దరం ఎరువు గుంట దాకా మోశాం. ఎర్రటి పళ్లు గుంటలోకి జారుతుంటే ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. బాధ లేకపోలేదు. అయినా ఒక్క బస్తా కూడా మిగల్చకుండా కుమ్మరించింది. తిట్టుకుందామన్నా నాకు ఒక్క తిట్టూ గుర్తు రాలేదు. ఇంతటి మనిషితోనా నేను ఇన్నేళ్లూ కూరలో ఉప్పు దగ్గర పోట్లాడింది!