పేజీ మూలన నలుపు

మొన్న మంగళవారం కోటబొమ్మాళి గ్రంథాలయం చూసుకునే అమ్మాయి ఫోన్ చేసి, ఈ వేసవి సెలవుల్లో ఆదివారం కథల గంట మళ్ళీ మొదలుపెడుతున్నామని, పిల్లల కోసం ఇరవై బొమ్మల పుస్తకాలూ పది పాటలూ ఏరాలని, పాత మనిషిని గనక ఒకసారి వచ్చి సాయం చెయ్యమని అడిగింది. వెళ్ళాను. ఇప్పుడుంటున్న ఊరి నుంచి బస్సులో నేను వెళ్ళేసరికే కంప్యూటరు ఇచ్చిన జాబితా ఒకటి బల్ల మీద పెట్టి ఉంచింది. ఏ పుస్తకం ఎన్నిసార్లు ఇంటికి వెళ్ళిందో పక్కనే అంకెలున్నాయి. అంకెలంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. అయినా ఆ కాగితాన్ని పక్కకి జరిపి, బీరువాలోంచి ఒక్కో పుస్తకమే తీసి, కుడివైపు కింది మూలలు వెలుతురుకి పెట్టి చూడటం మొదలుపెట్టాను.

"ఏటి పిన్నీ, సెదలు పట్టాయేటి?" అని నవ్విందా అమ్మాయి.

చెదలు కాదన్నాను గాని, మరేమిటో చెప్పాలంటే ముప్ఫై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఆ అమ్మాయికి అంత తీరిక లేదు. నా వయసు వాళ్ళు మీరున్నారు కదా, మీకు చెబుతాను.

నేను చదివింది పదో తరగతి వరకే. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే వంటబట్టాయి. అప్పటి మా ఇంటి నుంచి గ్రంథాలయానికి ఆరువందల పన్నెండు అడుగులు, వరండా మెట్లు ఐదు, అందులో మూడోది కదులుతుంది. ఇరవై మూడేళ్ళ వయసులో అక్కడ రోజువారీ పనికి కుదిరాను. మొత్తం ముగ్గురం. గ్రంథాలయాధికారిని ఊరంతా మాస్టారనే పిలిచేవారు. రెండోది తుడిచి, కుండలో నీళ్ళు పోసి, తలుపులు తీసే ఒక పెద్దావిడ. నేనామెను అత్తా అనేదాన్ని. చుట్టరికమేమీ లేదు, ఊడ్పుల కాలంలో మా నాన్న పొలానికి వచ్చేది, ఆ వరస అలా నిలిచిపోయింది. మూడోదాన్ని నేను.

ఆదివారం పది గంటలకి కథల గంట. పుస్తకాలు ఏరే పని మాస్టారు నాకు అప్పగించారు. మొదటి వారమే నాకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఒక చాప మీద మఠం వేసుకుంటే తొమ్మిది మంది పడతారు, మూడు చాపలు వెనక వెనకగా వేస్తే చివరి పిల్లకీ పుస్తకానికీ మధ్య తొమ్మిది అడుగుల దూరం. పుస్తకం బల్ల మీద నిలబెట్టి, తొమ్మిది అడుగులు వెనక్కి వెళ్ళి చూసేదాన్ని. బొమ్మలోని కోడిపెట్ట కన్ను అక్కడి నుంచి కనిపిస్తే ఆ పుస్తకం ఉంచడం, లేకపోతే తీసెయ్యడం. పేజీకి ముప్ఫై మాటలు మించకూడదు, మించితే వెనక చాప మీద గిల్లుకోవడాలు మొదలవుతాయి. ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీసి రాసుకున్నాను.

పాటల దగ్గర మాత్రం నా గళ్ళు పనిచెయ్యలేదు. అచ్చు పుస్తకంలోని పాటలు ఎనిమిదేసి చప్పట్లకి సరిగ్గా సరిపోయేవే ఏరాను, కాని పిల్లలకి మధ్యలోనే ఊపిరి చాలేది కాదు. రెండు ఆదివారాలు చూసి, మూడో ఆదివారం అత్త చీపురు గోడకి ఆనించి వచ్చింది.

"ఒలే, ఒంగి ఊడిసీవోలు పాట ఒక్క గుక్కలో పాడతారేటే? ఒకలు అడగాల, ఇంకొకలు సెప్పాల. అడిగినోలు సెప్పీలోగా ఊపిరి తీసుకుంతారు."

అంతే. ఆ రోజు నుంచి పిల్లల్ని రెండు జట్లుగా చీల్చి, ఒక జట్టు అడగడం, రెండో జట్టు చెప్పడం. చప్పట్లు ఎనిమిదైనా పదకొండైనా ఎవరూ లెక్కపెట్టలేదు, నేను తప్ప.

ఆ వేసవిలోనే జిల్లా కేంద్రం నుంచి కొత్త పుస్తకాలు వస్తున్నాయని, చోటు కోసం పిల్లల బీరువాలోంచి నలభై పాత పుస్తకాలు తీసి శ్రీకాకుళం పంపాలని ఉత్తరం వచ్చింది. అలా వెళ్ళినవి కాగితం గుజ్జు కిందకి పోతాయి, తిరిగి రావు. వెనకట్ట లోపల అతికించే తేదీల చీటీ మీకు గుర్తుండే ఉంటుంది. పుస్తకం ఇంటికి వెళ్ళినప్పుడల్లా దాని మీద ఊదారంగు ముద్ర ఒకటి పడేది. నేనా ముద్రలు లెక్కపెట్టాను. అన్నిటికన్నా తక్కువ ముద్రలున్న నలభై తీసి, మూడు ప్రతుల్లో జాబితా రాసి, మాస్టారి చేత సంతకం పెట్టించుకుని, శనివారం సాయంత్రానికి గోనెసంచిలో పెట్టి దబ్బనంతో కుట్టేశాను. సోమవారం పదిన్నర బస్సుకి వెయ్యాలి. నలభైకి నలభై సరిపోయాయని చాలా తృప్తిగా ఇంటికి వెళ్ళాను.

మర్నాడు కథల గంటకి ఇరవై రెండు మంది వచ్చారు. అందులో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళే ఒకావిడ కూతురుంది, ఆరేళ్ళుంటాయేమో. ఎప్పుడూ మాట్లాడేది కాదు, అందరికన్నా ముందు వచ్చి కింది అరలోంచి ఒక పుస్తకం తీసుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆ రోజు అర ముందు కూర్చుని పుస్తకాలన్నీ అటు జరిపింది, ఇటు జరిపింది. మళ్ళీ మొదటి నుంచి జరిపింది. తరవాత లేచి వెళ్ళి గుమ్మం పక్కన గోడవైపు తిరిగి కూర్చుంది. కథ అయింది, పాట అయింది. ఆ పిల్ల ఇటు తిరగలేదు.

పిల్లలంతా వెళ్ళాక అత్త చాపలు చుడుతూ అంది, "ఆ గుమ్మంకాడ కూకున్న గుంట పుస్తకం ఏటి సేసీసినావే? ఆ పీత బొమ్మలది. ఆదివారం ఆదివారం అదే సూస్తాది."

పొలం గట్టు తెగి కన్నం పోగొట్టుకున్న పీత, మళ్ళీ కన్నం కోసం తిరిగే పుస్తకం అది. పదహారు పేజీలు. నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే దాని చీటీ మీద ఒక్క ముద్ర కూడా లేదు.

"దాన్నెవరూ తీసుకెళ్ళలేదు అత్తా, సున్నా," అన్నాను.

"ఎలా అట్టుకెల్తాది? కార్డుకి పూచీ సంతకం పెట్టీవోలు దానింటికాడ ఎవులున్నారు? ఇక్కడే సూసి ఇక్కడే ఒగ్గీసి ఎల్లిపోతాది. నీ ముద్దర దానికేటి తెలస్తాది?"

ఇంత లెక్క చేసినదాన్ని, లోపలే కూర్చుని చదివే పిల్లల్ని ఏ గడిలోనూ వెయ్యలేదు.

మాస్టారి సంతకం పడిన సంచి విప్పే అధికారం నాకు లేదు. ఆదివారం మధ్యాహ్నం ఆయన రారు, సోమవారం వచ్చాక చెప్పి విప్పడానికి వ్యవధి చాలదు. అత్త మాత్రం దబ్బనం తెచ్చి నా చేతిలో పెట్టింది. కుట్లు విప్పి నలభై పుస్తకాలూ నేల మీద పరిచాం. పీత పుస్తకం దొరికింది. కుడివైపు కింది మూలలు పదహారు పేజీలకీ నల్లబడి, మెత్తబడి, గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. మామిడి సొన, చింతకాయ, బురద, ఎన్ని వేళ్ళో. అప్పుడు మిగతావన్నీ మూలలు చూసుకుంటూ వెళ్ళాను. మరో పది అలాగే ఉన్నాయి. మొత్తం పదకొండు.

పదకొండు తీస్తే పదకొండు పెట్టాలి, జాబితాలో నలభై ఉండాలి. బీరువాలోంచి ముద్రలు ఎక్కువున్నవి తీసి చూశాను. ఒకదానికి పద్నాలుగు ముద్రలున్నాయి. దానిలో రెండు పేజీలు అచ్చాఫీసులో అంచు కొయ్యకుండా వచ్చినవి వచ్చినట్టే అతుక్కుని ఉన్నాయి. పద్నాలుగు ఇళ్ళకి వెళ్ళొచ్చింది, పద్నాలుగు ఇళ్ళలోనూ ఎవరూ విప్పలేదు. అలా తెల్లటి మూలలున్నవి పదకొండు ఏరి పక్కన పెట్టాను. సంచి మాత్రం కుట్టలేదు.

సోమవారం ఎనిమిదింటికి మాస్టారు రాగానే నోరు విప్పిన సంచి చూపించి, నా లెక్క తప్పని చెప్పాను. ఆ మాట అనడానికి నాకెంత కష్టమైందో నాలాంటి వాళ్ళకే తెలుస్తుంది. ఆయన కోప్పడతారనుకున్నాను. ఆ పద్నాలుగు ముద్రల పుస్తకం తీసుకుని, అతుక్కున్న పేజీల మధ్య వేలు పెట్టి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నీ లెక్క తప్పడమేటమ్మా, వింతగున్నాది," అని, "మరి కూకున్నావేటి? మూడు ప్రతులూ మల్లీ రాయి. బేగి. బస్సు నీకోసం ఆగదు," అన్నారు.

పదీ పదికల్లా రాసేశాను. అత్త సంచి కుట్టింది.

తరవాతి ఆదివారం ఆ పిల్ల వచ్చి, కింది అర వైపు చూడకుండా నేరుగా గుమ్మం దగ్గరకే వెళ్ళబోయింది. నేను పీత పుస్తకం ముందు చాప మీద పెట్టి ఊరుకున్నాను. వచ్చి తీసుకుంది. తొమ్మిది అడుగుల నుంచి ఆ పీత కన్ను కనపడదు, నా పద్ధతి ప్రకారం అది కథల గంటకి పనికిరాదు. అయినా ఆ రోజు అదే చదివాను. పేజీలు తిప్పే పని ఆ పిల్లకే ఇచ్చాను. నేను చివరి మాట చదవకముందే దాని వేలు మూల దగ్గర సిద్ధంగా ఉండేది, ఎప్పుడు తిప్పాలో దానికి నాకన్నా బాగా తెలుసు. కథ అయ్యాక అత్త అప్పటికప్పుడు కట్టి పాడించింది. "పీతా పీతా, గట్టు తెగితే ఏటి సేస్తావు?" అని ఒక జట్టు అడిగితే, "మట్టి తెచ్చి మల్లీ కడతాను" అని రెండో జట్టు చెప్పాలి. నాలుగోసారి రెండో జట్టులో ఒక సన్నటి గొంతు కొత్తగా వినిపించింది. నేను తల తిప్పి చూడలేదు. చూస్తే ఆగిపోతుందేమోనని.

ఆ పుస్తకం మరో ఆరేళ్ళు బతికింది. అట్ట ఊడి, బొమ్మలు వెలిసి, చివరికి పీత కాళ్ళు ఎన్నో తెలియకుండా పోయాక, పుస్తకాల పట్టీలో దాని వరస ఎదురుగా 'చదివి చిరిగినది' అని నా చేత్తోనే రాసి కొట్టేశాను. నేను సంతోషంగా కొట్టేసిన వరస అదొక్కటే. మాస్టారూ అత్తా ఇప్పుడు లేరు. ఆ పిల్ల ఏ ఊళ్ళో ఉందో తెలియదు, దానికీ పిల్లలుండే వయసే.

మంగళవారం ఆ బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇప్పటి బొమ్మల పుస్తకాలు ఎంత బాగున్నాయో. గట్టి అట్టలు, తొమ్మిది అడుగులు కాదు, పద్దెనిమిది అడుగుల నుంచైనా కనిపించే రంగులు, పేజీ పేజీకీ నున్నటి పూత. మూలలన్నీ తెల్లగానే ఉన్నాయి. ఏది ఏ పిల్ల ఒళ్ళో ఎంతసేపు కూర్చుందో ఒక్కటీ చెప్పడం లేదు. కంప్యూటరుకి తెలిసింది కంప్యూటరు చెప్పింది, అది నా ఊదా ముద్రల లెక్కే. పాటలకి కూడా సెల్‌ఫోనూ దాని పక్కన చిన్న స్పీకరూ సిద్ధంగా ఉన్నాయి. అడగడమూ చెప్పడమూ రెండూ అదే పాడుకుంటుంది.

ఎలాగో ఇరవై ఏరి ఇచ్చాను. ఆ అమ్మాయి ఒక్కోటే అందుకుని, తడిగుడ్డతో అట్టా పేజీల మూలలూ శుభ్రంగా తుడిచి వరసలో పెట్టింది. రోజూ సాయంత్రం పిల్లలు వెళ్ళాక అన్నీ ఇలాగే తుడుస్తానని మురిపెంగా చెప్పింది. తుడవకమ్మా అనబోయి ఊరుకున్నాను. పని అయ్యాక గుడ్డ పిండి కిటికీ చువ్వ మీద ఆరేసింది. పిండినా అది నల్లగానే ఉంది. ఎన్ని వేళ్ళో. బస్సుకి వేళవుతున్నా, చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను.