ఓబులమ్మ ఇంటి వెనక గోడ

పొద్దున పాలు తేవడానికి వెళ్ళిన సత్యవేదం తాత తిరిగి వస్తూ దారి పక్కన ఒక రాయి ఎత్తుతాడు. ఒక చేతిలో పాల ప్యాకెట్లు, ఇంకో చేతిలో రాయి. నడుస్తూనే దాన్ని అరచేతిలో రెండు మూడు సార్లు కదిపి బరువు చూస్తాడు. తర్వాత ఎవరి కాలికీ తగలకుండా ఓ వారగా పెట్టేస్తాడు. బళ్ళారి సత్యనారాయణపేటలో మా వీధివాళ్ళకి ఇది మామూలే. కొత్తగా వచ్చినవాళ్ళు మాత్రం కుక్కలకి భయపడి పట్టుకున్నాడనుకుంటారు.

ఆయన బతుకంతా రాతికట్లు కట్టాడు. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి, వాలు మీది మన్ను జారకుండా ఆపే గోడలవి. వాళ్ళ నాయన మిషన్ కాంపౌండులో బావులు తవ్వేవాడు. తవ్వగా వచ్చిన రాళ్ళతో ఆడుకుంటూనే ఈయన పేర్చడం నేర్చాడు. పెళ్ళయ్యాక సరోజమ్మ తోడైంది. ముందు వరసలో పెద్దరాళ్ళు పెట్టడం ఆయన పని, వాటి వెనక సందుల్లో చిన్నరాళ్ళు కూరడం ఆమె పని. వాననీళ్ళు ఆ చిన్నరాళ్ళ మధ్యనుంచి బయటికి పోవాలి, మన్ను మాత్రం కదలకూడదు. జనం మెచ్చుకునే గోడ నీది, నిలబడే గోడ నాది అని ఆమె ఎప్పుడూ దెప్పేది. ఆయన కాదనేవాడు కాదు.

వాళ్ళు కట్టిన మొదటి పెద్ద గోడ సండూరు కొండల వైపు, ఓబులమ్మ అనే రైతమ్మ ఇంటి వెనక ఉండేది. కొండ అంచును తొలిచి కట్టిన ఇల్లది. వెనక గది కిటికీ తెరిస్తే ఎదురుగా నిలువెత్తు ఎర్రమన్ను. అప్పటికి సత్యవేదం, సరోజమ్మల కూతురు యూనీస్ చంటిపిల్ల. ఓబులమ్మ వసారాలో ఉయ్యాల కట్టి, ఒక చేత్తో ఊపుతూ ఇంకో చేత్తో చేటలో బియ్యం ఏరుకునేది. గోడకు వాడిన రాళ్ళు ఆ కొండవే. నల్లగా, చూడటానికి చిన్నగా, ఎత్తితే నడుము పట్టేసే ఇనుపరాళ్ళు. నాగలికి అడ్డం పడతాయని తిట్టుకోవడమే తప్ప అప్పట్లో వాటి మొహం చూసినవాళ్ళు లేరు. గోడ పూర్తయిన రోజే ఓబులమ్మ వెనక గదిలో మంచం వేసుకుంది. దాదాపు ముప్పై ఏళ్ళు ఆ గోడను నమ్మి నిద్రపోయింది.

తర్వాత మైన్స్ కాలం వచ్చింది. పొలాల్లో దొరికే ఇనుపరాయిని కూడా జనం ఏరి అమ్ముతున్న రోజులు. మైన్స్ దుమ్ముతో రోడ్లు, వేపచెట్లు, ఆరేసిన బట్టలు అన్నీ ఒకే ఎరుపు. ఓబులమ్మ కొడుకు పద్మనాభ టిప్పర్లు కొని, బళ్ళారి గాంధీనగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. తల్లిని రమ్మంటే ఆమె రాలేదు. ఒకరోజు అతను సత్యవేదం దగ్గరికి వచ్చి, ఇంటి వెనక గోడ రాళ్ళు పీకి ఇస్తే బదులుగా క్వారీ తెల్లరాయి తోలిస్తానన్నాడు.

"నువ్వే పీకి నువ్వే కట్టాల సత్యవేదప్పా. వేరేవాళ్ళ చేతికిస్తే జేసీబీ పెట్టి, మా అమ్మ మంచం కూడా పీకుతారు."

సత్యవేదానికి మనసొప్పలేదు. కాని జేసీబీ మాట విన్నాక ఒప్పుకున్నాడు. కొంత కొంత విప్పుతూ, విప్పినచోట వెంటనే తెల్లరాయితో కట్టుకుంటూ పోయారు. కొత్తరాళ్ళు చేతికి సులువుగా వస్తుంటే ఆయనకు హుషారెక్కింది. వయసు వెనక్కి పోతాండాదని భార్యతో అన్నాడు. పోతాంటే పోనీ, పెళ్ళికి పిల్లను చూసుకునే వయసు దాకా పోవద్దు అంది సరోజమ్మ. గోడ పాతదానంత మందంతోనే, అంతకన్నా అందంగా లేచింది. పాతరాళ్ళలో ఒక్కటి మాత్రం ఓబులమ్మ ఇవ్వలేదు. ఊరగాయ జాడీ మీద బరువుకని అట్టిపెట్టుకుంది.

ఆ ఏడు వానలు ముదిరాక పద్మనాభ ఫోన్ చేశాడు, గోడకు పొట్ట వచ్చిందని. సత్యవేదం, సరోజమ్మ పరుగున వెళ్ళారు. గోడ నడుమ భాగం బిందెలాగా ముందుకు ఉబ్బి ఉంది. అది పడితే వెనక గది మీదే పడుతుంది. సరోజమ్మ రాళ్ళ సందుల్లో వేళ్ళు పెట్టి చూసింది. నీళ్ళు బాగానే కారుతున్నాయి, లోపం చిన్నరాళ్ళలో లేదు.

నెపం పద్మనాభే అందించాడు. కొండలో మందు పెట్టి పేలుస్తున్నారు కదా, ఆ అదురుకు కదిలి ఉంటుంది, నీ తప్పేముంది అన్నాడు. ఊరంతా నమ్మే మాటే. సత్యవేదం లోపలికి పోయి ఊరగాయ జాడీ మీది నల్లరాయి తెచ్చాడు. మిగిలిపోయిన తెల్లరాళ్ళలో అంతే సైజుది ఒకటి తీశాడు. రెండు చేతుల్లో రెండూ పట్టుకుని బరువు చూశాడు. తెల్లరాయి నల్లదానిలో సగం బరువు కూడా లేదు.

"పేల్చినందుకు కాదప్పా. మన్నును ఆపేది గోడ బరువు. తేలికరాయి తెచ్చి పాతమందమే పెట్టినా. రాయి ఎత్తేటప్పుడు సులువుగా ఉండాదని సంబరపడినా గాని, గోడ కూడా తేలికైపోతాదని తట్టలేదు. తప్పు నాది."

ఓబులమ్మ నల్లరాయి ఆయన చేతిలోంచి తీసుకుని చెంగుతో తుడిచింది.

"ముప్పై ఏండ్లు పడుకోబెట్టినోడివి. ఇంగ గాంధీనగర్‌కు యాడ పోతా ఈ వయసులో? వసారాలో పడుకుంటా. బిరీన కట్టు, ఈడ దోమలు పీకతాండాయి."

ముందు ఉబ్బిన చోట ఆసరాగా రాళ్ళు గుట్ట పోయాలి. ఇంటి వెనక్కి టిప్పర్ రాదు. కూలీలతోపాటు పద్మనాభ కూడా తన తెల్లచొక్కాతోనే రాళ్ళు మోశాడు. సాయంత్రానికి ఎర్రమన్ను పట్టిన అతని చొక్కా చూసి సరోజమ్మ, ఇప్పుడు ఈ ఊరోడివి అయినావప్పా అంది. వానలు తెరిపిచ్చాక గోడను మళ్ళీ కొంత కొంత విప్పి కట్టారు. ఈసారి అడుగు దాదాపు రెట్టింపు మందం. దానికి చోటు కావాలంటే ఓబులమ్మ గిన్నెలు తోముకునే బండ పోవాలి, కరివేపాకు చెట్టు పోవాలి. ఆ మాట ఎలా అడగాలా అని సత్యవేదం నసుగుతుంటే ఆమే కొడవలి తెచ్చి కొమ్మలు కొట్టి, సరోజమ్మకు ఒక మోపు కట్టి ఇచ్చింది.

చివరి వరస పడ్డాక సత్యవేదం రాళ్ళు నొక్కి చూస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఇంకో వాన చూశాక లోపల పడుకోమందామని ఆయన ఆలోచన. చెప్పడానికి వసారాలోకి వస్తే అక్కడ మంచం లేదు. ఓబులమ్మ అప్పటికే దాన్ని వెనక గదిలోకి ఈడ్చుకుపోయి, కిటికీ తెరిచి, పడుకుని ఉంది.

ఇప్పుడు సత్యవేదం తాతకి డెబ్బై ఆరేళ్ళు. గోడలు కట్టడం మానేశాడు. సరోజమ్మా, ఆయనా కూతురు యూనీస్ దగ్గర ఉంటున్నారు. ఏటా వానలకు ముందు ఇద్దరూ బస్సెక్కి ఓబులమ్మ ఇంటికి వెళ్ళి, గోడ చూసి, భోంచేసి వస్తారు.